గంపలో దాచిన ఐసు: యూజర్ రిసెర్చ్ నుంచి ఆలోచన పుట్టే దారి

వాడే మనుషుల్ని చూసి, విని, వాళ్ళకు పనికొచ్చే పరిష్కారాలు వెతికే పద్ధతికి డిజైన్ థింకింగ్ అని పేరు. దాని వర్క్‌షాపు అంటే చాలా ఆఫీసుల్లో ఒకటే దృశ్యం. గోడ నిండా రంగురంగుల స్టికీ నోట్లు, వాటి ముందు ఒక గ్రూప్ ఫొటో, సాయంత్రానికి మూడు ఆలోచనలు: ఒక యాప్, ఒక డాష్‌బోర్డు, ఒక అవగాహన కార్యక్రమం. ఈ మూడింటి కోసం వారం రోజులు ఎండలో తిరిగి జనంతో మాట్లాడనక్కర్లేదు. విశాఖ రుషికొండ మీద ఏసీ గదిలో కూర్చుని కూడా ఇవే చెప్పొచ్చు. తప్పు ఆలోచించిన గంటలో జరిగిందనుకుని వచ్చేసారి ఇంకాస్త చురుకైన వాళ్ళను పిలుస్తారు. ఆ తప్పు అంతకు చాలా ముందే జరిగిపోయి ఉంటుంది. వీధిలో విన్న మాటకూ బోర్డు మీద రాసిన ప్రశ్నకూ మధ్య ఎక్కడో జరుగుతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిజైన్ నేర్పే ‘డి.స్కూల్’ ప్రచారంలోకి తెచ్చిన నమూనాలో ఐదు అంచెలు: మనుషుల్ని అర్థం చేసుకోవడం, సమస్యను నిర్వచించడం, ఆలోచనలు పుట్టించడం, నమూనా కట్టడం, పరీక్షించడం. బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ 2000ల మొదట్లో రూపొందించిన ‘డబుల్ డైమండ్’ బొమ్మలో ఇదే ప్రయాణం రెండు వజ్రాలుగా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ ముందు విచ్చుకుని తర్వాత ముడుచుకుంటుంది: మొదటిది సమస్యను తెలుసుకోవడానికి, రెండోది పరిష్కారం వెతకడానికి. మనం మాట్లాడుకునేది ఆ రెండు వజ్రాలూ తాకే మొన గురించి. బొమ్మలో అది చుక్కంత ఉంటుంది. పనిలో దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ప్రాజెక్టు ప్లాను రాసేవాళ్ళు మాత్రం బొమ్మ చూసి రాస్తారు కాబట్టి దానికి ఒక మధ్యాహ్నం ఇస్తారు.

పద్ధతి గాలిలో చెబితే అర్థం కాదు. కాబట్టి ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఇది ఎక్కడో జరిగిన ప్రాజెక్టు కాదు, వివరణ కోసం ఊహించుకున్నది. విశాఖ చేపలరేవులో తెల్లారకముందే వేలంపాటలో సరుకు కొని, కాలనీల్లో ఇంటింటికీ తిరిగి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నానికి మిగిలిన చేప మెత్తబడుతుంది, దాన్ని వచ్చిన ధరకు వదిలేయాలి. ఈ నష్టం తగ్గించడానికి ఏం చేయొచ్చన్నది పని.

ఎప్పుడు వెళ్ళారు, ఎవరిని అడిగారు

మొదటి పొరపాటు క్యాలెండరులోనే ఉండొచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మర పడవలూ ఇంజను పడవలూ రేవులోనే ఉంటాయి. మే నెలలో వెళ్ళి మాట్లాడితే చెరువు చేప, ఎండు చేప, అప్పులు, పని దొరకకపోవడం వినిపిస్తాయి. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయితే అవి వేరే ప్రశ్నకు జవాబులు. జూలైలో ఒక విడత, చలికాలంలో ఒక విడత వెళ్తే ఐసు, ఎండ, సరుకు రాక ఎలా మారతాయో తెలుస్తుంది.

ఎవరిని అడగాలన్న దగ్గర అందరూ సగటు మనిషి కోసం వెతుకుతారు. ఎక్కువ నేర్పేది అంచుల్లో ఉన్నవాళ్ళు. పదింటికల్లా గంప ఖాళీ చేసేసే ఆవిడ ఒకరు, వ్యాపారం మానేసి ఇళ్ళలో పనికి వెళ్తున్న ఆవిడ ఒకరు, నిన్న మొన్న మొదలుపెట్టిన ఆవిడ ఒకరు. అమ్మేవాళ్ళు ఆరు నుంచి ఎనిమిది మంది, కొనేవాళ్ళు మరో ఆరుగురు, ఐసు అమ్మే మనిషి, గంపలు ఎక్కించుకునే ఆటో డ్రైవరు ఇద్దరు. ఇంతవరకు చేస్తే మొదటి విడతకు సరిపోతుంది. ‘ఐదుగురు చాలు’ అన్న మాట ఇక్కడ తరచూ వినబడుతుంది. 2000లో వెబ్‌సైట్ల వాడకపు నిపుణుడు జాకబ్ నీల్సన్ ఆ మాట రాసింది ఉన్న వెబ్‌సైటులో వాడకపు లోపాలు పట్టుకునే పరీక్షల గురించి. తెలియని మనుషుల బతుకు తెలుసుకోవడానికి ఆ లెక్క పట్టుకురావడం సరికాదు.

పాట జరిగే వేళ ఎవరికీ జవాబు చెప్పే తీరిక ఉండదు. అప్పుడు పక్కన నిలబడి చూడాలి. మాటలు గంప సగమయ్యాక, నీడ పట్టున కూర్చున్నప్పుడు. ఒక్కొక్కరితో ముప్పావు గంట, ఒకరు అడగడం, ఒకరు రాయడం. ‘మీకేం కావాలి?’ అని అడిగితే ‘లోన్ ఇప్పించండి బాబూ’ అంటారు, ఎందుకంటే ప్యాంటు చొక్కా వేసుకుని పుస్తకం పట్టుకొచ్చిన వాళ్ళను జనం సర్కారీ మనుషులనుకుంటారు. ‘నిన్న ఎంత మిగిలింది, దాన్ని ఏం చేశారు?’ అని అడిగితే జరిగిన సంగతి వస్తుంది. మనవాళ్ళ మొహమాటాన్నీ లెక్కలో వేసుకోవాలి. ‘ఇలాంటిది ఉంటే బాగుంటుందా?’ అన్న ప్రశ్నకు తెలుగునాట వచ్చే జవాబు ఒక్కటే: ‘బాగుంటుందండీ’. దాన్ని నోట్సులో రాసుకోవడం కూడా దండగే.

చీటీ మీద ఏం రాయాలి

మాట్లాడి వచ్చాక ఒక రాత్రి గడవకముందే చీటీలు రాయడం మొదలవ్వాలి. ఒక చీటీకి ఒకే సంగతి, పది పదిహేను మాటల్లో. మూలన ఎవరి దగ్గర నుంచి వచ్చిందో గుర్తు: అమ్మేవాళ్ళకు చే-1, చే-2, కొనేవాళ్ళకు కొ-1, కొ-2. చూసింది ఒక రంగు చీటీ మీద, మన ఊహ ఇంకో రంగు మీద. ఈ రంగు తేడా పాటించకపోతే సాయంత్రానికి ఊహలన్నీ నిజాలైపోతాయి. ‘ఆవిడకు శుభ్రత మీద అవగాహన లేదు’ అన్నది మన తీర్పు. ‘చేప కడిగిన నీళ్ళతోనే గుడ్డ తడిపింది’ అన్నది చూసింది. ముప్పావు గంట సంభాషణ నుంచి పాతిక ముప్పై చీటీలు వస్తాయి. ఎనిమిది మందికి రెండు వందలు దాటుతాయి. పది పదిహేనే వచ్చాయంటే రాసిన మనిషి అక్కడికక్కడే సారాంశం తీసేసి, మిగతాది పారేశాడన్నమాట.

విశాఖలో ఇంకో ప్రత్యేకమైన తంటా ఉంది. ఇంటర్వ్యూ తెలుగులో, అదీ ఉత్తరాంధ్ర యాసలో జరుగుతుంది. నోట్సు మాత్రం ఇంగ్లిషులో రాస్తారు, ఎందుకంటే ప్రజెంటేషన్ ఎలాగూ ఇంగ్లిషులోనే. ఆవిడ చెప్పిన ‘చేబదులు’, ‘ఖాతా’, ‘వడ్డీకి తెచ్చిన డబ్బు’ మూడూ కలిసి ‘క్రెడిట్’ అయిపోతాయి. చేబదులు పక్కింటామె దగ్గర వడ్డీ లేకుండా తీసుకుని రెండు రోజుల్లో ఇచ్చేది. ఖాతా వాడుక ఇళ్ళకు చేప ఇచ్చి, జీతాల రోజున వసూలు చేసేది. మూడోది రేవులో పాట పాడటానికి తెచ్చిన అప్పు. ఒకటి నమ్మకం, ఒకటి అమ్మకం, ఒకటి భారం. మూడింటికీ ఒకే చీటీ రాసిన జట్టుకు ఒకే ఆలోచన వస్తుంది, అది మైక్రోలోన్ యాప్. చెప్పిన మాట చెప్పినట్టే, తెలుగులోనే, కొటేషన్ గుర్తుల్లో ఉండాలి. అనువాదం చివరి రోజు చేసుకోవచ్చు.

మన ఉదాహరణలో కొన్ని చీటీలు ఇలా ఉన్నాయనుకుందాం. చే-3: అడుగున ఐసు, దాని మీద గోనె, పైన ఆరు చేపలే కనబడేలా పెట్టింది. చే-3: “ఐసు కనపడితే నిలవ సేప అంతారమ్మా, ఎవలూ గంప దించమనరు.” చే-5: ఐసు కొనలేదు, తడి గుడ్డ కప్పింది, దారిలో రెండుసార్లు కుళాయి దగ్గర ఆగింది. కొ-2: ధర అడగకముందే మొప్పలు ఎత్తి చూసింది, వేలితో నొక్కింది. కొ-4: “ఐసులో పెట్టింది మాకొద్దు” అంది, కొన్న చేపలో సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. చే-1: ఖాతా ఇళ్ళకే ముందు వెళ్తుంది, మంచి చేప వాళ్ళకే. కొ-6: “రోజూ వచ్చే ఆవిడైతే చూడకుండానే తీసుకుంటా.”

గుంపులు కట్టడం

రెండు వందల చీటీలను గుంపులుగా పేర్చే పద్ధతికి ‘కేజే’ అని పేరు. జపాన్ మానవశాస్త్రవేత్త కవాకితా జిరో పేరులోని మొదటి అక్షరాలు అవి. నేపాల్ కొండల్లో తిరిగి పోగుచేసిన క్షేత్ర సమాచారంతో కుస్తీ పట్టిన మనిషి ఆయన. చెల్లాచెదురు నోట్సు నుంచి అర్థం ఎలా తేలుతుందన్నది ఆయన ప్రశ్న. వ్యాపార సంస్థలు దాన్ని అందుకుని ‘అఫినిటీ డయాగ్రామ్’గా వాడుకుంటున్నాయి. అందుకునే క్రమంలో అందులోని ఒక ముఖ్యమైన సంగతిని చాలామంది వదిలేశారు: గుంపు చీటీల నుంచి పైకి రావాలి, శీర్షిక పై నుంచి దిగకూడదు.

ఆచరణలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. జట్టులో ఒకరు లేచి బోర్డు మీద ‘ధర’, ‘రవాణా’, ‘నిల్వ’, ‘కస్టమర్లు’ అని నాలుగు గళ్ళు గీస్తారు. తర్వాత అందరూ కలిసి చీటీలను డబ్బాల్లో ఉత్తరాలు వేసినట్టు వేస్తారు. అరగంటలో పని ముగుస్తుంది, బోర్డు చక్కగా కనిపిస్తుంది, కొత్తగా ఒక్క ముక్కా తెలియదు. ఆ నాలుగు గళ్ళూ వీధికి వెళ్ళకముందు కూడా తెలిసినవే కదా. చే-3 గోనె కప్పిన చీటీ ‘నిల్వ’లోకి, కొ-4 మాట ‘కస్టమర్లు’లోకి పోతాయి. ఆ రెండూ పక్కపక్కన పడి ఉంటేనే నిప్పు రాజుకునేది.

సరైన తీరు ఇది. చీటీలన్నీ నేల మీదో పెద్ద బల్ల మీదో పరచాలి. నలుగురైదుగురు మాట్లాడకుండా ఒకదానికొకటి దగ్గరగా అనిపించిన చీటీలను పక్కపక్కకు జరపాలి. మౌనం ఎందుకంటే, నోరున్న మనిషి చెప్పిందే వర్గీకరణ కాకుండా ఉండటానికి. ఒకే చీటీ అటూ ఇటూ రెండుసార్లకు మించి తిరుగుతుంటే నకలు రాసి రెండు చోట్లా పెట్టేయాలి. ఒక్కో గుంపులో మూడు నుంచి ఏడు చీటీలు, అంతకు మించితే లోపల ఇంకో విభజన దాగి ఉందని అర్థం. రెండు వందల చీటీలకు గంట నుంచి గంటన్నర పడుతుంది. అంతా అయ్యాకే శీర్షికలు. అవి నామవాచకాలుగా ఉండకూడదు, పూర్తి వాక్యాలు కావాలి. ‘ఐసు సమస్యలు’ అని రాస్తే లోపలి చీటీలు మూగబోతాయి. ‘ఐసు వాడుతున్న సంగతి కొనేవాళ్ళకు తెలియకుండా జాగ్రత్తపడుతుంది’ అని రాస్తే అవే మాట్లాడతాయి.

ఏ గుంపులోనూ ఇమడని చీటీలు ఐదారు మిగులుతాయి. వాటిని ‘ఇతరములు’ అని ఒక మూలకు తోసేయడం పెద్ద నష్టం. చే-5 కుళాయి దగ్గర ఆగడం అలాంటిదే. ఒక్కరే చేశారు కాబట్టి పట్టించుకోనక్కర్లేదనిపిస్తుంది. కానీ ఆవిడ దారి మొత్తం నీళ్ళు దొరికే చోట్లను బట్టి నిర్ణయమవుతోందేమో మళ్ళీ వెళ్ళి చూడాలి. ఈమధ్య ఇంటర్వ్యూల పాఠాన్ని ఏఐకి ఇచ్చి ‘థీమ్స్’ తీయించడం మొదలైంది. పోగు చేయడానికి పనికొస్తుంది గానీ, పదిసార్లు వచ్చిన మాటను పైకి తెచ్చి ఒక్కసారి వచ్చిన దాన్ని ముంచేసే గుణం దానిది. అలా మునిగిపోయిన వాటిని మనమే వెనక్కి తీసుకోవాలి.

లోగుట్టు

ఈ రంగంలో ‘ఇన్‌సైట్’ అన్న మాట ఎంత వాడతారో అంత అరిగిపోయింది. తెలుగులో దానికి మంచి మాటే ఉంది: లోగుట్టు. పైకి కనిపించే పని వెనక దాచిన కారణం. ‘చేపలమ్మే వాళ్ళకు నిల్వ సదుపాయం లేదు’ అన్నది లోగుట్టు కాదు, అది ఇల్లు కదలకుండా చెప్పగలిగిన మాట. ‘చేపలమ్మే వాళ్ళు ఐసు తక్కువ వాడుతున్నారు’ అన్నదీ కాదు. అది పరిశీలన, నిజమే గానీ ఎందుకో చెప్పదు. చే-3నీ, కొ-4నీ, కొ-2నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో వాక్యం తేలుతుంది: ‘ఐసు ఉంటేనే చేప నిలుస్తుంది, కానీ ఐసు కనబడితే చేప అమ్ముడుపోదు. ఎందుకంటే కొనేవాళ్ళ దృష్టిలో ఐసు తాజాదనాన్ని కాపాడే వస్తువు కాదు, పాత సరుకని పట్టిచ్చే సాక్ష్యం.’

ఈ వాక్యంలో రెండు కోరికలు ఎదురెదురుగా నిలబడ్డాయి. లోగుట్టుకు అదే గుర్తు: మధ్యలో ఒక ‘కానీ’, వెనక ఒక ‘ఎందుకంటే’. దాన్ని నమ్మేముందు నాలుగు వైపుల నుంచి గీటుపెట్టి చూడాలి. వీధికి వెళ్ళకుండా ఈ మాట చెప్పగలిగేవాళ్ళమా? కనీసం ముగ్గురు వేర్వేరు మనుషుల చీటీలు దీని వెనక ఉన్నాయా? విన్న చేపలావిడ ‘అవునమ్మా, అదే’ అంటుందా, లేక తనను తక్కువ చేసినట్టు బాధపడుతుందా? దీని నుంచి ఒకదానికొకటి పోలిక లేని మూడు దారులు కనిపిస్తున్నాయా? ఒకే దారి కనిపిస్తే, మనకు ముందే నచ్చిన పరిష్కారాన్ని లోగుట్టు వేషంలో రాసుకున్నామన్నమాట.

విచిత్రమేమంటే ఇక్కడ సాంకేతిక జ్ఞానానికి లోటు లేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనే ఉంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు వాడాలన్నది ఏనాటి నుంచో చెబుతున్న లెక్క. ఆ లెక్క వీధిలోకి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతోందో పై వాక్యం చెబుతోంది. ‘అవగాహన కల్పించాలి’ అన్న ఆలోచన అమ్మేవాళ్ళ వైపు గురిపెట్టడం ఎంత వృథానో కూడా చెబుతోంది. ఆవిడకు ఐసు సంగతి తెలుసు. తెలుసు కాబట్టే గోనె కింద దాచింది.

ప్రశ్న ఎంత వెడల్పు ఉండాలి

లోగుట్టును ప్రశ్నగా మార్చడం తర్వాతి పని. ఇంగ్లిషులో దీనికి ‘హౌ మైట్ వీ’ (మనం ఎలా చేయొచ్చు) అని స్థిరపడిన రూపం ఉంది. 1970ల మొదట్లో ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో మిన్ బసాదుర్ దాన్ని వాడుకలోకి తెచ్చారు. పోటీ సంస్థ ఆకుపచ్చ చారల సబ్బు బాగా అమ్ముడుపోతుంటే, వీళ్ళ జట్టు ఇంకా మంచి చారల సబ్బు ఎలా చేయాలా అని తలపట్టుకుని కూర్చుంది. ఆయన ప్రశ్నను మార్చారు: హాయిగా, తాజాగా అనిపించే మన సబ్బు ఎలా చేయొచ్చు? చారలు పోయి, సముద్రతీరపు తాజాదనం వచ్చింది. ‘కోస్ట్’ సబ్బు అలా పుట్టింది.

ఈ ప్రశ్నను తెలుగులో వేసుకుంటే రెండు లాభాలు ఉచితంగా వస్తాయి. ‘ఎలా చేయాలి?’ అంటే ఒకే సరైన జవాబు ఎక్కడో ఉందని, అది చెప్పకపోతే తప్పని ధ్వని. ‘ఏమేం చేయొచ్చు?’ అంటే తలుపులు తెరుచుకుంటాయి. ఆ ‘ఏమేం’ అన్న జంట మాటలోనే ఒకటికి మించి కావాలన్న సంగతి ఉంది. ఇక ‘మేం’, ‘మనం’ తేడా ఇంగ్లిషుకు లేదు. ‘మేం ఏం చేయొచ్చు?’ అంటే ఆఫీసు ఒకవైపు, చేపలావిడ ఒకవైపు. ‘మనం’ అన్నామంటే ఆవిడ కూడా బల్ల దగ్గర కూర్చున్నట్టే. వీలైతే నిజంగానే కూర్చోబెట్టాలి, ఆ పూట అమ్మకం పోయినందుకు డబ్బు ఇచ్చి మరీ.

వెడల్పు దగ్గరే ఎక్కువ మంది తూలుతారు. ‘చేపలమ్మే మహిళల జీవితం మెరుగుపడటానికి ఏమేం చేయొచ్చు?’ అన్నది సముద్రం. ఎవరు ఏం చెప్పినా సరిపోతుంది, అందుకే ఏదీ సరిపోదు. ‘చవక ఐసు పెట్టె చేయడానికి ఏమేం చేయొచ్చు?’ అన్నది నుయ్యి. జవాబు ప్రశ్నలోనే ఉంది. మధ్యలో ఉండే ప్రశ్నలు ఇవి: ‘ఐసులో ఉన్నా ఇది ఈ పొద్దుటి చేపేనని కొనే ఆమెకు తెలియడానికి ఏమేం చేయొచ్చు?’ ‘ఐసు ఉండటమే గొప్పగా అనిపించడానికి?’ ‘చూడకుండానే తీసుకునే వాడుక ఇళ్ళు పెరగడానికి?’ ఒక లోగుట్టుకు నాలుగైదు ప్రశ్నలు రాసి, వాటిలో రెండు మూడే ముందుకు తీసుకెళ్ళాలి. ప్రశ్న చదవగానే నోట్లోకి జవాబు వచ్చేస్తే అది ఇరుకు. చదివాక అందరూ కిటికీ వైపు చూస్తుంటే మరీ విశాలం.

ముందు ఎవరికి వారు

ఇప్పుడు గానీ ఆలోచనల గంట రాలేదు. బ్రెయిన్‌స్టార్మింగ్‌ను, అంటే జట్టుగా కూర్చుని ఆలోచనలు గుప్పించే పద్ధతిని, ప్రపంచానికి పరిచయం చేసిన అలెక్స్ ఆస్‌బర్న్ అమెరికా ప్రకటనల సంస్థ బీబీడీఓ వ్యవస్థాపకుల్లో ఒకరు. విమర్శ వాయిదా వేయండి, సంఖ్య పెంచండి, వింతైనవి రానివ్వండి, ఒకరి మీద ఒకరు కట్టండి అన్నవి ఆయన పెట్టిన నియమాలు. నియమాలు మంచివే. అందరూ ఒకేసారి గదిలో కూర్చుని నోటితో చెప్పడమే చిక్కు. 1958లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, కలిసి ఆలోచించిన జట్ల కన్నా విడివిడిగా ఆలోచించిన అంతే మంది మొత్తంగా ఎక్కువ ఆలోచనలు ఇచ్చారు. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె దానికి ప్రధాన కారణం పట్టుకున్నారు: ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్ళు వంతు కోసం ఆగాలి, ఆగేలోపు తమది మరిచిపోతారు, లేదా ఇక చెప్పడం ఎందుకులే అనుకుంటారు. మన ఆఫీసుల్లో ఇంకో కారణం కూడా కలపాలి. పెద్ద సారు ఒక ఆలోచన చెప్పాక మిగతా గంటంతా దానికి హారతి పట్టడమే.

అందుకే రాత ముందు. జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ 1968లో చెప్పిన 6-3-5 పద్ధతి ఇలాంటి చోట్లకు అతికినట్టు సరిపోతుంది. ఆరుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి కాగితం పక్కవాళ్ళకు ఇస్తారు. వాళ్ళు అవి చదివి, వాటిని పట్టుకునో విడిచిపెట్టో ఇంకో మూడు రాస్తారు. ఆరు విడతలు, అరగంట, 108 గళ్ళు. ఇందులో సగం పునరుక్తి, పావు వంతు పనికిరానివి, అది మామూలే. మొదటి విడతలో అందరికీ తట్టేవే వస్తాయి. మూడు, నాలుగు విడతల్లో బుర్ర ఖాళీ అవుతుంది, అప్పుడు ‘ఇంక చాల్లే’ అని ఆపేస్తారు. ఆ ఖాళీని దాటాక వచ్చేవాటి కోసమే ఈ తతంగమంతా. బొమ్మ గీయగలిగితే ఎనిమిది గళ్ళుగా మడిచిన కాగితం మీద ఎనిమిది నిమిషాల్లో ఎనిమిది బొమ్మలు గీసే పద్ధతీ ఉంది. వస్తువులకూ స్క్రీన్లకూ అది బాగుంటుంది. ఏర్పాట్లకూ నమ్మకాలకూ రాతే నయం.

కాగితం మీద ప్రశ్న ఒక్కటే ఉంటే చాలదు. దాని పుట్టుకకు కారణమైన చీటీలు ఐదారు, చెప్పిన మాటలతో సహా, బల్ల మధ్యలో ఉండాలి. లేకపోతే పది నిమిషాల్లో ఆలోచనలు రేవు వదిలి ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. ఊట ఆగిపోయినప్పుడు పోలికలు వెతకాలి. ఇదే తగాదా ఇంకెక్కడ ఎలా తీరింది? కొబ్బరిబొండాం ముందే కొట్టిపెడితే ఎవరూ తాగరు, కళ్ళముందు కొడితేనే నమ్మకం. గేదె పాలవాడు ఇంటి ముందు పితికి ఇచ్చేది అందుకే. పూలామె నీళ్ళు చల్లితే వాడిపోయినవని ఎవరూ అనుకోరు, తాజాగా ఉన్నాయనుకుంటారు. అదే తడి చేప గంపలో అనుమానం ఎందుకైంది? ఈ చివరి ప్రశ్న దగ్గర ఒక జట్టు పావుగంట ఆగితే ఆ పావుగంట వృథా కాదు.

తేలే ఆలోచనలు ఇలా ఉండొచ్చు. రేవులో పాట అయిన వెంటనే చేప మొప్పకు ఆ రోజు రంగు దారం కట్టడం. సోమవారానికి ఎరుపు, మంగళవారానికి పసుపు, వారమంతా ఏడు రంగులు. గంపలో పై అర ఐసు లేకుండా, కింది అర ఐసుతో, పైన అమ్ముడైన కొద్దీ కొనే ఆమె కళ్ళముందే కింది నుంచి తీయడం. మొప్పలు ఎత్తి చూడమని అమ్మే ఆవిడే ముందు చెప్పడం. తెల్లారుజామున రేవు నుంచే ‘ఈ రోజు కోనాం, చందువ దొరికాయి’ అని వాడుక ఇళ్ళకు వాట్సాప్‌లో మాట పంపి, అడిగినవాళ్ళకే తేవడం. ఒకే కాలనీలో తిరిగే ముగ్గురు కలిసి గేటు దగ్గర ఒక థర్మోకోల్ పెట్టె ఉంచి, కొంచెం కొంచెం తీసుకెళ్ళడం. పదకొండు దాటాక ధర తగ్గిందని దాచకుండా పలకమీద రాయడం.

ఏది ఉంచాలి

అందరికీ మూడు చుక్కలు ఇచ్చి ఓటు వేయించడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. చుక్కలు పడేది ఎక్కువగా చెప్పడానికి ముచ్చటగా ఉన్న ఆలోచనకు, లేదా మొదట చుక్క పడ్డ దానికి. ఓటు కావాలంటే చాటుగా వేయించి, ఒకేసారి విప్పాలి. అంతకన్నా ముందు ప్రతి ఆలోచన కాగితం అడుగున అది ఏ చీటీల నుంచి వచ్చిందో రాయాలి: చే-3, కొ-4, కొ-6. రాయడానికి ఒక్కటీ దొరకని ఆలోచన చెడ్డదని కాదు, కానీ దానికీ వీధికీ చుట్టరికం లేదు. పక్కన పెట్టొచ్చు.

మిగిలినవాటిలో ప్రతిదానికీ ఒక ప్రశ్న: ఇది పని చేయాలంటే ఏమేం నిజమై ఉండాలి? రంగు దారం సంగతి తీసుకుంటే, రేవులో కట్టే మనిషి ఎవరో తేలాలి, నిన్నటి చేపకు ఇవాళ్టి దారం కట్టే అవకాశం ఉండకూడదు, కొనేవాళ్ళకు ఈ రోజు రంగేమిటో తెలియాలి. మూడింటిలో రెండోది పోతే మొత్తం పోతుంది. రెండు అరల గంప సంగతికి వస్తే అసలు అడ్డు బరువు. పదిహేను కిలోల చేపకు సమానంగా ఐసు వేస్తే నెత్తి మీద ముప్పై కిలోలు. కిలోకి కిలో అన్న లెక్క గోదాములో బాగుంటుంది, మూడో అంతస్తు మెట్ల మీద బాగుండదు. ఆ ఒక్క సంగతితో గేటు దగ్గర పెట్టె ఆలోచనకు బలం వస్తుంది. వాట్సాప్ మాటకు బరువే లేదు కాబట్టి దాన్ని ముందు చూడొచ్చు.

మూడు ఆలోచనలు నిలబెట్టుకోవడం మంచిది: రేపే చేసి చూడగలిగేది ఒకటి, కాస్త కష్టమైనది ఒకటి, వినగానే నవ్వొచ్చేది ఒకటి. మూడోది చాలాసార్లు మొదటి రెండింటికి ఏదో ఒక ముక్క అప్పిచ్చి పోతుంది. నమూనాకు ఖర్చు వందల్లో ఉండాలి, వేలల్లోకి వెళ్ళకూడదు. పాత థర్మోకోల్ పెట్టె, నాలుగు రంగుల నూలు దారం, ఇద్దరు అమ్మేవాళ్ళు, మూడు ఉదయాలు. వేట మొదలయ్యాక, సరుకు మామూలుగా వచ్చే రోజుల్లో.

ఆ మూడు ఉదయాలూ కొనేవాళ్ళను ‘ఎలా ఉందండీ?’ అని అడగకూడదు. గేటు అవతల నిలబడి చేతుల్ని చూడాలి. ఐసు మీద ఉన్న చేప వైపు చేయి వెళ్ళిందా, దారం చూశాక కూడా మొప్ప ఎత్తిందా, ఎత్తి చూసి గంప దించమందా, తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిందా. చూసింది చూసినట్టు కొత్త చీటీ మీద రాసి, మూలన కొ-9 అని వేసి, పాత చీటీల పక్కన అంటించాలి.